ఆడవారి సంతకం

మన సంఘం సమావేశాలలో "స్త్రీవాదం" అన్న మాట వినబడగానే రెండు రకాల జవాబులు వస్తూ ఉంటవి. పెద్దవాళ్ళు "అదంతా ఈ దేశపు సరుకు, మనకెందుకు" అంటారు. ఇక్కడ పుట్టి పెరిగిన ఆడపిల్లలు "నిజమే, అది మా దేశపు సంగతే, మీ ఇండియాలో అది ఎక్కడ ఉన్నది" అంటారు. తల్లీకూతుళ్ళకు ఏ ఒక్క విషయంలోనూ పొత్తు కుదరని ఇళ్ళలో గూడా ఈ ఒక్కదానిలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. ఇద్దరూ పొరబడుతున్నారని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే చరిత్రలోకి కొంచెం వెనక్కు వెళ్ళాలి.

సిద్ధాంతాల జోలికి మేము పోదలచుకోలేదు. వాటిని చెప్పగల పండితులు వేరే ఉన్నారు. సంతకం అనే చిన్న వస్తువును పట్టుకుని నడుస్తాము. సంతకం చెయ్యడం ఎవరికి వచ్చు? ఎవరి సంతకం చెల్లుతుంది? ఎవరి చేత చదవనివ్వకుండా సంతకం పెట్టించుకుంటారు? ఈ మూడు ప్రశ్నలతో సుమారు నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర చాలావరకు కళ్ళకు కడుతుంది.

1848 జూలైలో న్యూయార్కు రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ అనే ఊళ్ళో కొందరు స్త్రీలు సభ చేసి ఒక ప్రకటన తయారు చేశారు. దాని మీద 68 మంది ఆడవారు, 32 మంది మగవారు సంతకాలు చేశారు. మగవారిలో బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ ఒకడు. మరునాటినుంచి పత్రికలు ఎంత ఎగతాళి చేశాయంటే, సంతకం పెట్టినవారిలో కొందరు తమ పేర్లు తీసివెయ్యమని అడిగారు. స్త్రీలకు ఓటు కావాలని ఆ ప్రకటనతో మొదలైన ఉద్యమం 1920 లో రాజ్యాంగ సవరణతో గాని ఫలించలేదు. సంతకం చేసిన 68 మంది స్త్రీలలో అప్పటికి బ్రతికి ఉన్నది ఒక్కతే, షార్లెట్ ఉడ్‌వర్డ్. ఆమె కూడా జబ్బుగా ఉండి ఓటు వెయ్యలేకపోయింది.

అదే 1848 లో, ఏప్రిల్ 16 న, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పుట్టాడు. ఈ రెండు సంగతులకూ ఒకదానితో ఒకదానికి ఏ సంబంధమూ లేదు. పిల్లలకు తేదీలు గుర్తుండడానికి పనికివస్తుందని చెబుతున్నాము, అంతే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో అమెరికాలో అమల్లో ఉన్న ఇంగ్లీషు ధర్మం ప్రకారం పెళ్ళయిన ఆడదానికి సొంత ఆస్తి అంటూ లేదు. పెళ్ళినాడే అది మగని చేతికి పోయేది. న్యూయార్కులో దీన్ని మార్చిన చట్టం కూడా 1848 లోనే వచ్చింది. మన మితాక్షరలో స్త్రీధనమనేది ఎన్నో వందల ఏళ్ళుగా ఉన్నది. దీన్ని విని మనవాళ్ళు పొంగిపోవడం మేము చూశాము. పొంగిపోవలసినంత లేదు. నగలు, పట్టుచీరలు, పుట్టింటివారు ప్రేమతో ఇచ్చిన కానుకలు స్త్రీధనం. పొలం, ఇల్లు మాత్రం మగవాళ్ళ ఉమ్మడిలోనే ఉండిపోయేవి. మెడలో నాలుగు పేటల గొలుసు ఉన్న మనిషికి తాను కూర్చున్న అరుగు మీద హక్కు లేదు.

ఓటు సంగతిలోనూ మనం మరీ వెనుకబడినవాళ్ళమేమీ కాదు. అమెరికాలో స్త్రీలకు ఓటు వచ్చిన మరుసటి ఏడు, అంటే 1921 లో, మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకు ఓటు ఇచ్చారు. మన కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. అయితే ఆస్తి ఉన్నవారికే ఓటు. ఆస్తి ఆడవారి పేర ఉండదు గనుక ఆ ఓటు ఎంతమందికి దక్కి ఉంటుందో ఊహించుకోవచ్చును.

వీరేశలింగంగారు 1874 లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబరు 11 న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఇది మనందరం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నదే. పాఠాల్లో అంతగా రానిది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ సంగతి. ఊరు వెలివేసి, వంటవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానుకున్నప్పుడు ఆ ఇంట బిందె పట్టుకుని గోదావరికి నడిచింది ఆవిడ. పెళ్ళికి వచ్చినవాళ్ళకు వండి పెట్టింది ఆవిడ. ఉద్యమం ఆయన పేర నడిచింది, పొయ్యి ఆవిడ చేత మండింది. ఇందులో ఆయన తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కాని ఆయన స్త్రీల కోసం 1883 లో పెట్టిన పత్రిక పేరు "సతీహితబోధిని" అని గుర్తుంచుకోవాలి. సతికి హితం బోధించేది. బోధించేవాడు మగవాడు, వినేది సతి. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సతి తానే కలం పట్టింది.

ఆ కలం పట్టినవారిలో బండారు అచ్చమాంబగారిని గూర్చి కొంచెం విపులంగా వ్రాయాలని మా కోరిక. ఆమె జీవితం మన సంఘంలోని ఆడవారికి బాగా దగ్గరగా ఉంటుంది. ఆమె 1874 లో నందిగామ ప్రాంతంలోని పెనుగంచిప్రోలులో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళయింది. భర్త మాధవరావుగారు ఇంజనీరు, ఉద్యోగం మధ్య పరగణాలలో. అందుచేత ఆమె తెలుగుదేశం విడిచి నాగపూరు వైపు కాపురానికి వెళ్ళింది. చుట్టూ మరాఠీ, హిందీ మాట్లాడేవాళ్ళు. తెలుగు వినాలంటే ఇంట్లోనే వినాలి. భర్త ఉద్యోగం ఎక్కడ ఉంటే అక్కడ, ఆయన బదిలీ ఎటైతే అటు. ఈ వర్ణన చదివి మనలో ఎందరికి తమ సంగతే గుర్తుకు వస్తుందో మాకు తెలుసు.

ఆమె బడికి వెళ్ళలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారింట ఉండి నాగపూరులో చదువుకుంటూ ఉండేవాడు. తమ్ముడి చదువు పక్కనే అక్క చదువు సాగింది. తెలుగుతో మొదలుపెట్టి హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ దాకా వెళ్ళింది. తమ్ముడు తరువాత విజ్ఞానచంద్రికా మండలి స్థాపించి, తెలుగులో విజ్ఞానసర్వస్వం తెచ్చిన మహానుభావుడయ్యాడు. ఆయన పేరు తెలియని తెలుగువాడు లేడు. అక్కగారి పేరు చెబితే "ఎవరావిడ?" అంటారు.

1902 నవంబరులో "హిందూసుందరి" పత్రికలో ఆమె కథ "ధనత్రయోదశి" అచ్చయింది. గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" 1910 లోది. దిద్దుబాటే తొలి తెలుగు కథ అని ఎన్నో ఏళ్ళు చెప్పుకున్నాము, పరీక్షల్లో వ్రాసి మార్కులు గూడా తెచ్చుకున్నాము. దిద్దుబాటు గొప్ప కథ, అందులో సందేహం లేదు. కాని ఎనిమిదేళ్ళ ముందర అచ్చయిన కథ ఇన్నాళ్ళు ఎవరి కంటా పడకపోవడానికి కారణం ఏమిటో ఆలోచించదగినది.

అంతకంటె పెద్ద పని "అబలా సచ్చరిత్ర రత్నమాల". వీరేశలింగంగారు తమ "చింతామణి" పత్రికలో దాన్ని ప్రకటించారు. స్త్రీలు పుట్టుకతోనే దుర్బలులనీ, బుద్ధి తక్కువ వాళ్ళనీ, చదివిస్తే చెడిపోతారనీ ఆ రోజుల్లో వాదించేవాళ్ళు. ఆ వాదాలకు అచ్చమాంబ వాదంతో జవాబు చెప్పలేదు. ఈ దేశ చరిత్రలోని స్త్రీల జీవితాలను ఒకదాని తరువాత ఒకటిగా వ్రాసుకుంటూ పోయింది. పేరులో "అబల" అని పెట్టి లోపలంతా అబలలు కానివాళ్ళ కథలు చెప్పడంలో ఆమె చమత్కారం ఉన్నది. మొదటి భాగం చరిత్రలోని భారత స్త్రీలు, తరువాత వేద పురాణ కాలపు స్త్రీలు, ఆ తరువాత విదేశ స్త్రీలు, ఇదీ ఆమె వేసుకున్న లెక్క. మొదటి భాగమే పూర్తి అయినది. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ళకే, ఆమె పోయింది. ఆ విదేశ స్త్రీల భాగం వ్రాసి ఉంటే సెనెకా ఫాల్స్ సంగతి అందులో వచ్చేదేమో. ఇది మా ఊహ మాత్రమే.

ఆమె కేవలం ఇంట కూర్చుని వ్రాసిన మనిషి కాదు. 1902 లో బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. తరువాత తెలుగు జిల్లాలు తిరిగి మరికొన్ని సమాజాలు పెట్టించింది. నాగపూరు వైపునుంచి రైళ్ళలో వచ్చి, బంధువుల ఇళ్ళలో దిగి, ఊరి ఆడవారిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడడం ఆ రోజుల్లో ఎంత పనో చెప్పనక్కరలేదు. ఇంటి పేరు, వంశం, సొంత కులం కాకుండా వేరే ఒక కారణాన ఆడవాళ్ళు ఒకచోట చేరడం, అందులో సభ్యురాలిగా తమ పేరు తాము వ్రాసుకోవడం కొత్త సంగతి.

వీళ్ళందరిదీ ఒకే మాట అనుకోకూడదు. అదే కాలంలో "సావిత్రి" పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబగారు స్త్రీ విద్య కావాలన్నారు గాని వితంతు వివాహాన్ని ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు ఆడవాళ్ళతో అచ్చులో వాదించుకునే స్థితి వచ్చిందంటే, అదీ ఒక ముందడుగే.

ఆ తరువాతి కాలాన్ని త్వరగా దాటుతాము. 1928 నుంచి మద్రాసులో కేసరిగారి "గృహలక్ష్మి"లో కనుపర్తి వరలక్ష్మమ్మగారు "శారద లేఖలు" వ్రాశారు. స్నేహితురాలికి ఉత్తరం వ్రాసినట్టుగా శారదా చట్టం గురించి, విడాకుల గురించి చర్చించారు. దుర్గాబాయిగారు ఎనిమిదేళ్ళకు తనకు చేసిన పెళ్ళిని, ఊహ తెలిశాక, కాదని చెప్పగలిగారు. 1937 లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, రాజ్యాంగ పరిషత్తులో కూర్చున్నారు. భారత రాజ్యాంగం మీద ఉన్న సంతకాలలో రాజమండ్రి ఆడపడుచుది కూడా ఒకటి ఉన్నదని మన పిల్లలకు చెప్పాలి.

ఇటీవలి కాలానికి వస్తే, 1974 లో హైదరాబాదులో విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టి కట్నాలకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడు ఎమర్జెన్సీ దాన్ని నలిపివేసింది. 1978 లో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. వాళ్ళు టేపురికార్డర్లు పట్టుకుని పల్లెలకు వెళ్ళి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలుసుకుని, వాళ్ళు చెప్పినది చెప్పినట్టు వ్రాశారు. 1986 లో "మనకు తెలియని మన చరిత్ర" పేర అది పుస్తకమయింది. తుపాకులు మోసిన స్త్రీలకు పోరాటం ముగిశాక "ఇక ఇళ్ళకు పొండి" అన్న జవాబు దొరికిన వైనం అందులో వారి నోటనే ఉన్నది. తెలుగులో అంతకు మించిన చరిత్ర పుస్తకాలు మేము ఎక్కువగా చదవలేదు.

ఆ సంఘటనలో పనిచేసిన సూసీ తారు, కె. లలిత కలిసి భారత స్త్రీల రచనలను రెండు సంపుటాలుగా కూర్చగా న్యూయార్కులోని ఫెమినిస్ట్ ప్రెస్ 1991, 1993 లలో ప్రచురించింది. ముద్దుపళని అందులో ఉన్నది. మన ఊళ్ళ విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలలో ఈ సంపుటాలు చాలా చోట్ల దొరుకుతవి. "మీ ఇండియాలో ఎక్కడ ఉన్నది" అన్న అమ్మాయికి తల్లి వాటిని చూపించవచ్చును, తాను కూడా చదివి.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మనలో చాలామందికి తెలుసు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చి చదవడం నేర్చుకున్న ఆడవారు 1992 లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997 లో పోయింది, అది వేరే కథ. వాళ్ళెవరూ స్త్రీవాదం అన్న మాట వాడలేదు. వేలిముద్ర వేసే చెయ్యి సంతకం నేర్చుకుంటే ఆ చేత్తో ఇంకేమేమి చెయ్యవచ్చునో కలెక్టర్లు గూడా ముందుగా ఊహించలేదు.

ఇక మన సంగతి. 1965 వలస చట్టం తరువాత ఈ దేశానికి వచ్చిన తెలుగు కుటుంబాలలో డాక్టర్లుగా తమ అర్హత మీద తాము వచ్చిన ఆడవారు ఉన్నారు, భర్త వెంట వచ్చినవారు ఉన్నారు. రెండవవారే ఎక్కువ. వాళ్ళు దిగిననాటికి అమెరికా ఆడవారి స్వర్గమేమీ కాదు. 1974 లో సమాన రుణ అవకాశ చట్టం వచ్చేవరకు ఇక్కడి బ్యాంకులు పెళ్ళయిన స్త్రీకి అప్పు ఇవ్వాలన్నా, క్రెడిట్ కార్డు ఇవ్వాలన్నా భర్త సంతకం అడగవచ్చును. తెల్లకోటు వేసుకుని ఆపరేషన్లు చేసే డాక్టరమ్మను గూడా బ్యాంకులో "మీ ఆయన్ను తీసుకురండి" అని అడగగల రోజులవి.

తరువాతి తరం వచ్చేసరికి కట్టు వేరే చోట పడింది. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది. భర్తకు హెచ్-1బి, భార్యకు హెచ్-4. ఆ కాగితం మీద వచ్చిన అమ్మాయి ఎం.టెక్. చదివినా, బ్యాంకులో ఆఫీసరుగా చేసి వచ్చినా, ఉద్యోగం చెయ్యడానికి వీలులేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు గూడా రాదు. 2015 మే 26 నుంచి, గ్రీన్ కార్డు వరుసలో కొంత దూరం వచ్చినవారి భార్యలకు లేక భర్తలకు పని చేసే అనుమతి ఇచ్చారు. 2017 చివరిదాకా ఆ అనుమతి పొందినవారిలో నూటికి తొంభైమందికి పైగా ఆడవారు, తొంభైమందికి పైగా భారతీయులు. అంటే ఇది ఎవరి సమస్యో వేరే చెప్పనక్కరలేదు. మిగిలినవారికి ఇప్పటికీ అదే స్థితి. ఇంట్లో ఉండడం తప్పని మేము అనడం లేదు. ఇష్టపడి ఉండడం వేరు, చట్టం ఉంచడం వేరు.

ఇల్లు చక్కగా ఉన్నంతకాలం ఇది బాధించదు. చక్కగా లేనప్పుడు? మన సంఘాలు దీపావళి, సంక్రాంతి జరిపి, నాటకాలు వేసి, ఈ ప్రశ్నను చాలాకాలం పట్టించుకోలేదు. 1985 లో న్యూజెర్సీలో "మానవి" పెట్టిన దక్షిణాసియా స్త్రీలు పట్టించుకున్నారు. తరువాత 1989 లో న్యూయార్కులో "సఖి", 1991 లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో "మైత్రి" వచ్చినవి. ఇంట్లో దెబ్బలు తినే ఆడవారు మన సమాజంలో ఉన్నారని బయటికి చెప్పినందుకు ఇటువంటివారిని పరువు తీస్తున్నారని అన్నవాళ్ళున్నారు. పరువు తీసింది కొట్టినవాడా, చెప్పినవాళ్ళా?

ఇక్కడ మళ్ళీ సంతకం వస్తుంది. అమెరికా పౌరుడో గ్రీన్ కార్డు ఉన్నవాడో భార్య కోసం దరఖాస్తు పెడితేనే ఆమెకు గ్రీన్ కార్డు. అతడు సంతకం పెట్టనంటే ఆమె గతి అంతే. ఆ సంతకాన్ని చేతిలో పట్టుకుని బెదిరించే మగవాళ్ళు ఉండేవారు. 1994 చట్టం హింసకు గురి అయిన భార్య తన దరఖాస్తు తానే పెట్టుకోవచ్చునన్నది. హెచ్-4 భార్యలకు అది వర్తించలేదు. అటువంటివారికి పని అనుమతి ఇవ్వాలన్న నిబంధన 2005 చట్టంలో చేరింది, అమలులోకి వచ్చింది 2017 లో. పన్నెండేళ్ళు!

అంత దూరం పోనక్కరలేదు. ఏటేటా ఏప్రిల్ 15 లోపల మన ఇళ్ళలో ఉమ్మడి పన్ను కాగితాల మీద భార్యలు సంతకం చేస్తారు. "ఇక్కడ పెట్టు" అంటే పెడతారు. ఆ సంతకంతో అందులోని ప్రతి అంకెకూ ఇద్దరూ బాధ్యులవుతారని ఎందరికి తెలుసు?

చివరిగా, ఈ వ్యాసం వ్రాయడానికి మమ్మల్ని పురిగొల్పిన సంగతి చెప్పాలి. మన ఊళ్ళనుంచి కాగితాలు వస్తూ ఉంటవి. అన్నయ్యో తమ్ముడో ఫోను చేస్తాడు. "ఏమీ లేదక్కా, నాన్నగారి పొలం సంగతి. నీ హక్కు విడుదల చేసినట్టు సంతకం పెట్టి కాన్సులేటులో ముద్ర వేయించి పంపు. నీ పెళ్ళికి అప్పట్లో ఇచ్చాంగా." అక్క పెడుతుంది. చాలామంది సంతోషంగానే పెడతారు, తల్లిదండ్రులను చూసుకున్నది తమ్ముడే గనుక. అది వారి ఇష్టం, ఉదారత. మా మనవి ఒక్కటే, ఏమి వదులుకుంటున్నామో తెలిసి వదులుకోవాలని.

తెలుసుకోవలసినది ఇది. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా వ్రాయకుండా పోతే, కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. పిత్రార్జితపు ఉమ్మడిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం కొడుకులకే ఉంచింది. దేశంలో అందరికంటె ముందు దీన్ని మార్చి, కూతుళ్ళకు గూడా పుట్టుకతో హక్కు ఇచ్చినది మన ఆంధ్రప్రదేశే. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. గర్వించవలసిన పని. కాని ఆనాటికి పెళ్ళయిపోయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. అంటే 1960 లలో, 70 లలో పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చిన మన సంఘపు పెద్ద ఆడవారందరూ గీతకు ఇవతలే ఉండిపోయారు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్ళయినా కాకపోయినా కూతుళ్ళందరికీ హక్కు ఇచ్చింది. 2004 డిసెంబరు 20 కి ముందు చట్టబద్ధంగా పంపకాలు అయిపోయి ఉంటే వాటిని కదపలేదు. సవరణ అమలైన నాటికి తండ్రి బ్రతికి ఉండాలా అన్న తగాదా కోర్టుల్లో పదిహేనేళ్ళు నలిగింది. అక్కరలేదని 2020 ఆగస్టు 11 న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

"నువ్వు అమెరికా పౌరురాలివి, నీకు పొలం రాదు" అన్న మాట గూడా వినబడుతుంది. ఓసీఐ కార్డు ఉన్నవారు వ్యవసాయ భూమి కొనకూడదన్నది నిజం. ఇండియాలో ఉంటున్న తండ్రి నుంచి వారసత్వంగా పొందడానికి అడ్డులేదు. పెళ్ళిలో ఇచ్చిన కట్నానికీ ఈ వాటాకూ చట్టంలో లంకె లేదు. కట్నమే 1961 నుంచి నేరం. తండ్రి స్వార్జితాన్ని ఎవరి పేర వ్రాసినా ఆయన ఇష్టం, అందులో కూతురైనా కొడుకైనా ఒకటే.

ఇదే ప్రశ్న తిప్పి వేసుకుంటే మరికొంచెం ఇబ్బందిగా ఉంటుంది. మనలో ఇప్పుడు వీలునామాలు వ్రాసుకునే వయసు చాలామందికి వచ్చింది. ఇక్కడి ఇల్లు, పెట్టుబడులు కొడుకుకూ కూతురికీ చెరిసగం వ్రాసి, ఊళ్ళో ఉన్న ఆరెకరాలు మాత్రం "ఇంటి పేరు నిలబడాలి గదా" అని కొడుకు పేర పెట్టినవారిని మేము ఎరుగుదుము. ఆ కొడుకు ఆ ఊరు ఒక్కసారి చూశాడు, కూతురు ప్రతి రెండేళ్ళకూ వెళ్ళి నాయనమ్మ దగ్గర ఉండి వస్తుంది.

మన సభ్యులలో న్యాయశాస్త్రం చదివినవారు ఉన్నారు. ఈ కాగితాల గురించి వచ్చే సంచికకు వారు వ్రాస్తే ప్రకటిస్తాము. అలాగే మీ అమ్మగారు గాని అమ్మమ్మగారు గాని సంతకం చెయ్యడం ఎప్పుడు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలిసినవారు అర పేజీకి మించకుండా వ్రాసి పంపండి. తెలియనివారు ఆదివారం ఫోను చేసినప్పుడు అడగండి.